డ్యాం నీళ్ల బరువుకే భూకంపాలు వస్తాయా?

"డ్యాం నిండితే ఆ బరువుకి నేల కుంగి భూకంపం వస్తుందా? మహారాష్ట్రలోని కోయనా డ్యాం దగ్గర జరిగింది అదేనా?" అని ఒకరు అడిగారు. బరువు పాత్ర కొంత ఉంది. కానీ అసలు పని చేసేది బండ పగుళ్లలోకి దిగిన నీటి ఒత్తిడి. ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా బోరు దగ్గరే అర్థమైంది.

దేవరకొండ దగ్గర మా చేను. అడుగంతా గ్రానైట్ బండ. ఒక ఎండాకాలం రాత్రిపూట రిగ్గు పెట్టించాం. 280 అడుగుల దాకా ఒట్టి దుమ్మే. నాన్న గట్టు మీద కూర్చుని మాట మానేశాడు. 290 దగ్గర రాడ్డు ఒక్కసారిగా జానెడు జారింది, కంప్రెసర్ మోత మారిపోయింది. "గ్యాపు తగిలింది" అన్నాడు డ్రిల్లర్, అంటే బండలో పగులు. దుమ్ము ఆగి బూడిదరంగు బురద ఎగదన్నింది. అంతలో పక్క చేను పెద్దమ్మ చీకట్లో ఉరికొచ్చింది: "ఏం జేస్తుండ్రురా? మా బోర్ల కెళ్లి బురద తన్నుతాంది!"

రెండు బోర్లకీ మధ్య నూటయాభై గజాల బండ. మేం ఇక్కడ కొట్టిన గాలి ఆ పగులు పట్టుకుని అక్కడ తేలింది.

ఆ బురదని వేళ్ల మధ్య నలిపాను. సబ్బులా జారింది. ఏళ్ల తరబడి నీళ్లు తగిలి గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాలు బంకమట్టిగా మారిపోతాయి. అందులోనే తెల్లటి పలుగురాయి పెచ్చులూ ఉన్నాయి. ఎప్పుడో లోతుల్లోంచి వచ్చిన వేడినీళ్లు పగుళ్లలో పేర్చిన సరుకు అది. నీరు బండని మెత్తబరుస్తుంది, చీలికని పూడుస్తుంది కూడా.

కోయనాలో జరిగిందీ ఇలా ఒత్తిడి పగులు పట్టుకుని పాకడమే, లోతు మాత్రం కిలోమీటర్లలో. 1962లో జలాశయం నింపడం మొదలెట్టాక కంపాలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 200 మంది పోయారు. అక్కడి ఫాల్ట్‌లో, అంటే నేల లోపలి పెద్ద చీలికలో, రెండు బండలు ఒకదాన్నొకటి అదిమి పట్టుకుని, జారడానికి సిద్ధంగా ఉన్నాయి. మధ్యలో నీటి ఒత్తిడి పెరిగితే ఆ పట్టు సడలుతుంది. నీరు భూకంపాన్ని పుట్టించదు, తొందరపెడుతుంది.

బరువే కారణమనేవాళ్లు అమెరికాలోని డెన్వర్ సంగతి చూడండి. అక్కడ డ్యామే లేదు. 1962 నుంచి మూడున్నర కిలోమీటర్లు దాటిన లోతు బావిలోకి రసాయన వ్యర్థజలం పంపు చేస్తే కంపాలు మొదలయ్యాయి. 1966లో ఆపేశారు. అయినా అన్నిటికన్నా పెద్దది 1967లో వచ్చింది. లోపలికెక్కిన ఒత్తిడి మోటారు ఆపగానే దిగిపోదు.

కోయనాలో 2017కల్లా మూడు కిలోమీటర్ల లోతు బోరు వేశారు. కిలోమీటరుకు పైగా నల్లరాయి (బసాల్ట్) దాటాకే గ్రానైట్ జాతి బండ తగిలింది. మంచి పనే. కానీ మన ఊళ్లలో లక్షల బోర్లు వేశాం కదా, ఎన్ని అడుగుల్లో గ్యాపు, ఏ రంగు బురద, ఏ బోరుకి ఏ బోరుతో లంకె అని ఎవరు రాసిపెట్టారు? కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవాడికి వేలు ఇస్తాం, రిగ్గు పక్కన నోటుబుక్కు పెట్టుకుని నిలబడే మనిషి ఒక్కడుండడు. తెల్లారేసరికి ఆ బురద ఎండి దుమ్మైపోతుంది, సమాచారమంతా దాంతోనే పోతుంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

నాన్న మాత్రం ఆ పొద్దున స్టార్టర్ డబ్బా మీద సున్నంతో "290 గ్యాపు, పెద్దమ్మ బోరుకు లంకె" అని రాశాడు. నేను ఇప్పటికీ ఏటేటా ఆ అక్షరాలు దిద్దుతాను.