స్పానిష్‌లో ‘ఫ్వే’ అంటే ‘వెళ్లాడు’ అనా, లేక వేరే అర్థమా?

రెండు అర్థాలూ ఉన్నాయి: ‘ఇర్’ (వెళ్లడం), ‘సేర్’ (ఫలానాది అయి ఉండడం) అనే రెండు క్రియలకీ అతను, ఆమె, అది విషయంలో భూతకాల రూపం ఈ ‘ఫ్వే’నే, స్పెల్లింగ్‌లోనూ పలకడంలోనూ రవ్వంత తేడా ఉండదు.

దీనికి మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ‘ఫూయి’ అంటే ‘ఉన్నాను’ అని మాత్రమే, వెళ్లడానికి వేరే రూపం ఉండేది. కానీ ఒక ఊళ్లో ఉన్నానంటే అక్కడికి వెళ్లినట్టే కదా, అలా జనం ఫూయినే వెళ్లడానికీ వాడేస్తూ వచ్చారు, పాత రూపం మరుగున పడింది. అందుకే నేను, నువ్వు, వాళ్లు, ఎవరికైనా ఈ రెండు క్రియల భూతకాలం ఒకటే.

‘అనా ఫ్వే అ మద్రిద్’ అంటే అనా మద్రిద్ వెళ్లింది, ‘అనా ఫ్వే మీ ప్రొఫెసోరా’ అంటే అనా నాకు టీచర్‌గా చేసింది. మధ్యలోని ‘అ’ మన ‘కి’ లాంటిది, చాలాసార్లు అదే గుర్తు. అయితే ‘లా ఫియెస్తా ఫ్వే అ లాస్ ఓచో’లో ‘అ’ ఉన్నా పార్టీ ఎక్కడికీ వెళ్లలేదు, ఎనిమిదింటికి జరిగింది!

ఎక్కువమంది పొరబడేది ఇంకోచోట: ఇంగ్లిష్‌లో ‘వాజ్’ వచ్చిన ప్రతిచోటా ఫ్వే పెట్టేస్తారు. ఇల్లు పెద్దదిగా ఉండేది అని వర్ణించడానికి ‘ఎరా’ వాడాలి. మన ‘ఉండేది’కి దగ్గరగా ఉండేది అదే. ఫ్వే అయిపోయిన సంగతిని మొత్తంగా చెబుతుంది.