లంక గ్రామంలో ఉద్యోగానికి వెళుతున్న మేనకోడలికి

చిట్టితల్లికి, అత్తయ్య ఆశీస్సులు.

కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలోని ఆరోగ్య కేంద్రానికి నిన్ను వేశారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మన ఇంట్లో నా తరువాత ఈ పనిలోకి వెళుతున్నది నువ్వే. చాలా గర్వంగా ఉంది. రోజూ గోదావరి పాయ దాటాలి కాబట్టి భయంగానూ ఉంది.

బీపీ చూడటం, టీకాలు, రికార్డులు నీకు నేను చెప్పాల్సిన పని లేదు. నలుగురితో కలిసి పని చేయించుకోవడం గురించే నా బెంగ.

వెళ్ళగానే ఆశా కార్యకర్త ఇంటికి నువ్వే వెళ్ళు, ఆమెను పిలిపించుకోకు. ఏ కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది, ఏ ఇంట్లో అత్తగారి మాట చెల్లుతుంది, ఎవరు బీపీ మాత్రలు తెచ్చుకుని మింగకుండా డబ్బాలో దాస్తున్నారు, అన్నీ ఆమెకు తెలుసు. పెద్దదైతే "అక్కా" అను. ఆమె లెక్కలో తప్పుంటే పక్కకు తీసుకెళ్ళి చెప్పు. ఊళ్ళోవాళ్ళ ముందు ఒక్క మాట అన్నావంటే ఇక నీకు ఏ సంగతీ చెప్పదు. అంగన్‌వాడీ టీచరుతో, మంచినీళ్ళ ట్యాంకు చూసే మనిషితో కూడా అంతే. వాళ్ళ నంబర్లు కాగితం మీద రాసుకో. వరదలో కరెంటు ఉండదు, ఫోను పనిచేయదు.

ఇక 1986 సంగతి. ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. గట్లు తెగాయి. లంకలవాళ్ళు బడుల్లో తలదాచుకున్నారు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త. మా శిబిరంలో పిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సమయానికే వచ్చాయి. సాయానికి వచ్చిన కుర్రాళ్ళు వాటిని పంచారు. ఎలా కలపాలో నర్సులు చెబుతారని వాళ్ళు అనుకున్నారు. పంచేటప్పుడే చెప్పి ఉంటారని నర్సులు అనుకున్నారు. అది లీటరు నీళ్ళలో కలపాల్సిన ఉప్పు, గ్లూకోజు పొడి. ఇల్లు మునిగి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ దగ్గర లీటరు పాత్ర ఎక్కడిది? తల్లులు ప్యాకెట్ మొత్తం స్టీలు గ్లాసులోనే కలిపేశారు.

ఒక పెద్దావిడ మనవడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, "తాగేకొద్దీ వీడికి దాహం ఎక్కువవుతోందమ్మా, ఈ మందు సముద్రపు నీళ్ళలా ఉంది" అంది. పొద్దున ఒకరితో అంది, మధ్యాహ్నం ఇంకొకరితో అంది. మందు అలాగే ఉంటుంది, తాగించమన్నారు. పొద్దుటి డ్యూటీ దిగినవారు ఆ మాట తరువాతివారికి చెప్పలేదు, పుస్తకంలో రాయలేదు. సాయంత్రం డాక్టరుగారు వచ్చి ఆ గ్లాసులోది ఒక చుక్క నాలుక మీద వేసుకుని అదిరిపడ్డారు. అంత ఉప్పు పసివాడి రక్తంలో చేరితే మూర్ఛలు వస్తాయి, ప్రాణమే పోవచ్చు. అప్పటికప్పుడు పడవ మీద ఆసుపత్రికి పంపారు. దేవుడి దయవల్ల బతికాడు. మందుకు కొరత లేదు, మనుషులకూ కొరత లేదు. అయినా ఆ పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చింది. తప్పును కనిపెట్టింది ఆ నాయనమ్మ, చిట్టీ. ఆమె మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

అందుకే ఎవరినీ "అర్థమైందా?" అని అడిగి ఊరుకోకు. అందరూ తలూపుతారు. "దేనిలో కలుపుతావో తెచ్చి చూపించమ్మా" అను. లీటరు సీసాతో వాళ్ళ చెంబునే కొలిచి, ఇన్ని చెంబులని చెప్పు. కలిపి 24 గంటలు దాటితే పారబోయించు. విరేచనాలు తగ్గినా జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. తగ్గగానే మానేస్తారు, కాబట్టి తల్లి చేతే రోజులు లెక్కపెట్టించు. నీళ్ళలో వేసే క్లోరిన్ మాత్రలనూ మింగే మాత్రలనూ ఒకేసారి చేతిలో పెట్టకు.

ట్యాంకులో క్లోరిన్ చూడాలని వాట్సాప్ గ్రూపులో పెట్టి, చెప్పేశానని అనుకోకు. ఒక పనికి ఒక మనిషి పేరు రాయి. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి ఉండాలి. ఎంత వచ్చిందో ఆ మనిషిని అడిగి రాసుకో.

నీకు తొందర ఎక్కువ. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే జవాబు చెబుతావు. చిన్నప్పుడు మీ నాన్న అది చూసి మురిసిపోయేవాడు. ఈ ఉద్యోగంలో అది మానుకోవాలి, కోప్పడి చెబుతున్నాను. అయినా నేను చలిజ్వరంతో పడుకుంటే గంటగంటకూ నీళ్ళు పట్టుకొచ్చి మంచం పక్కనే కూర్చున్నది నువ్వే. ఆ ఓపిక నీలో ఉందని నాకు తెలుసు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే నెలలు నిండినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళు. రెండోదాని దాకా ఆగకుండా వాళ్ళను ఏరు దాటించు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు. ఒక్కదానివే వాదించకు, ఆశాను, వాళ్ళు మాట వినే ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళ్ళు. గేదెలను వదిలి ఎలా రావాలని అడుగుతారు, విసుక్కోకు. వాటిని ఎవరు చూస్తారో తేల్చాకే ఆ ఇల్లు కదులుతుంది.

చీకటి పడ్డాక పడవ ఎక్కకు. ఏరు బాగాలేదని పడవ నడిపే మనిషి అంటే, పై అధికారి రమ్మన్నా సరే, ఆగిపో. మీ నాన్న చేత రెండు లైఫ్ జాకెట్లు పంపుతున్నాను. ఒకటి నీకు, ఒకటి ఆశా కార్యకర్తకు. ఆమె కొలత తెలియక పెద్దదే కొన్నాను, సరిపోకపోతే వెంటనే చెప్పు, మార్చి పంపుతాను.

మీ అత్తయ్య