రెండో పుస్తకం అప్పుడే తెరవకు

అమ్మలూ,

నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "పెద్దమ్మా, ఎరగాన్ కథలో మొదటి పుస్తకం అయిపోయింది, మిగతావన్నీ ఇప్పుడే ఆర్డర్ పెట్టేయనా?" అని అడిగావు. వెనక మీ అమ్మ పడుకోమని కేకలేస్తోంది కదా, రేపు చెప్తాలే అనేశాను. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావని ఇలా రాస్తున్నాను. ఆర్డర్ పెట్టకు. ఒక్క నెల ఆగు.

నీకు కోపం వస్తుందని తెలుసు. డ్రాగన్‌ని పెంచే ఆ కుర్రాడు ఎరగాన్ మనసులో కొత్త గొంతు వినపడి, అడవుల్లో ఉండే ఎల్ఫులనే జాతి దగ్గరికి రమ్మని పిలిచిన చోట పుస్తకం ఆపేశాడు రచయిత. అక్కడ ఆగమంటే ఎవరికైనా కష్టమే. కానీ నేను ఈ పుస్తకాలని మీ అన్నయ్యతో కలిసి చదివాను. ఆగుతూ చదివినవాటికీ ఆగకుండా చదివినదానికీ తేడా కళ్ళారా చూశాను కాబట్టే చెప్తున్నాను.

మా చిన్నప్పుడు ఆగడం తప్ప వేరే దారి లేదు. చందమామ అచ్చయ్యేది మద్రాసు వడపళనిలో, మేముండేది కోడంబాకంలో. అంత దగ్గరున్నా నెలకొక్కసారే చేతికొచ్చేది. శిథిలాలయం, రాతిరథం సీరియళ్ళు అలా చదివినవే. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని పెద్దయ్యాకే తెలిసింది. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. వాటికి చిత్రా గారు వేసిన బొమ్మ మాత్రం నెలంతా కళ్ళముందే ఉండేది. తర్వాతి సంచిక వచ్చేలోపు నేనూ, మీ తాతయ్యా, పక్కింటి పిల్లలూ కలిసి ఆ కథని పది రకాలుగా ముందుకు నడిపేవాళ్ళం. అసలు కథ వచ్చాక మేమనుకున్నదే బావుందని దెబ్బలాడుకున్న రోజులున్నాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల ఏది ఆయన రాసిందో, ఏది మేం అల్లుకున్నదో విడదీసి చెప్పలేను.

మీ అన్నయ్యకి ఎరగాన్ దొరికింది 2004లో, ఆరో తరగతిలో. రాసిన క్రిస్టఫర్ పావొలీని పదిహేనేళ్ళకే మొదలుపెట్టాడనీ, 2002లో ఇంట్లోవాళ్ళే సొంతంగా అచ్చు వేశారనీ, మరుసటి ఏడాది పెద్ద ప్రచురణకర్తలు తీసుకున్నారనీ తెలిసి, వాడు కూడా ఒక నోట్‌బుక్ కొనిపించుకున్నాడు. 2005లో రెండోది వచ్చింది. మూడోదానికి 2008 దాకా ఆగాం, వాడప్పుడు టెన్త్. మొదట మూడే పుస్తకాలన్నారు. మూడోది రాస్తూంటే పెరిగిపోయి నాలుగైంది, అది 2011లో వచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చి, రెండు రాత్రుల్లో ముగించేసి, పొద్దున్నే వంటింట్లోకి వచ్చి "అయిపోయిందమ్మా" అన్నాడు. వాడి ముఖం చూస్తే ఎవరినో రైలెక్కించి వచ్చినట్టుంది. ఇవాళ్టికీ వాడు మొదటి మూడింటి గురించే మాట్లాడతాడు. నాలుగోది చదివాడన్న మాటే గానీ, అందులో సంగతులు అడిగితే తడుముకుంటాడు.

ఆగిన నెలలో ఏం చేయాలంటావా? పుస్తకంలో ఉన్న మ్యాప్ తియ్యి. అది రచయిత తన చేత్తో గీసినది. ఎరగాన్ వేటకెళ్ళి ఆ నీలం రాయి దొరికించుకున్న స్పైన్ కొండల నుంచి ఇప్పుడున్న చోటిదాకా పెన్సిల్‌తో దారి గీయి. ఎంత దూరం తిరిగాడో అప్పుడు తెలుస్తుంది. వెనక పేర్లు ఎలా పలకాలో పట్టిక ఉంటుంది, పైకి చదువు. ఎరగాన్‌కి విద్యలు నేర్పే ముసలాయన బ్రోమ్ మంత్రం గురించి చెప్పిన అధ్యాయాలు మాత్రం తప్పకుండా మళ్ళీ చదవాలి. ఒక పని ఒంటితో చేస్తే ఎంత శక్తి పోతుందో మంత్రంతో చేసినా అంతే పోతుంది, మంత్రాలు పలికే ఆ పాత భాషలో అబద్ధం చెప్పలేరు. ఈ రెండు నియమాలూ గట్టిగా గుర్తు పెట్టుకో. ముందు ముందు చాలా సంగతులు వీటి మీదే ఆధారపడి ఉంటాయి. సినిమా ఒకటుంది, 2006లో వచ్చింది. దాని జోలికి వెళ్ళకు. నీ తలలో ఉన్న డ్రాగన్ సఫీరా చెదిరిపోతుంది.

ఇంకో మాట. ఇంటర్నెట్లో వెతక్కు, చివరి పేజీలు తిప్పకు. రెండో పుస్తకం నేను సగంలో ఉండగా ఓ సాయంత్రం కూర మాడుతుంటే లేచి, లేస్తూ లేస్తూ చివరి పేజీలు తిప్పాను. అక్కడున్న ఒక్క వాక్యంతో మిగతా సగం పుస్తకం నాకు వృథా అయింది. ఆ చోటికి వచ్చేసరికి మీ అన్నయ్య మంచం మీద నుంచి గట్టిగా అరిచాడు. నేను పక్కనే కూర్చుని ఊరికే చూస్తూ ఉండిపోయాను. వాడితో కలిసి అరవాల్సింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

రెండోది మొదలుపెట్టాక బోర్ కొడుతోందని నువ్వు ఫోన్ చేస్తావు, నాకు తెలుసు. యుద్ధాలు తగ్గి చదువు మొదలవుతుంది అందులో. అడవిలో ఒక మొద్దు మీద కూర్చుని చుట్టూ ఉన్న ప్రాణులన్నిటినీ మనసుతో వినమంటారు ఎరగాన్‌ని. వాడు చీమలతో మొదలుపెడతాడు. అంత డ్రాగన్ పెట్టుకుని చీమలేమిటని మీ అన్నయ్య విసుక్కున్నాడు. నాకు మాత్రం పుస్తకం మొత్తం మీద అదే ఇష్టమైన చోటు. మర్నాడు పొద్దున గుమ్మంలో బియ్యప్పిండితో ముగ్గేసి అక్కడే కూర్చున్నాను. ఒక చీమ పిండి పలుకు పట్టుకుని గీత వెంట కాసేపు నడిచి, గీత దాటి, వెనక్కి తిరిగి, ఎదురొచ్చిన ఇంకోదానికి మీసాలు తాకించి వెళ్ళింది. పాలవాడు పిలిస్తేగానీ లేవలేదు. ఆ పేజీలు దాటేయాలనిపించినప్పుడు పుస్తకం మూసి గుమ్మంలోకి వెళ్ళు, తర్వాత మళ్ళీ తెరువు.

దసరా సెలవులకి మద్రాసు వస్తావుగా. కొట్టూర్‌పురంలో అన్నా లైబ్రరీకి తీసుకెళ్తాను, ఎంతసేపైనా కూర్చుని చదువుకోవచ్చు. లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు కూడా చూద్దాం. రెండోది కొనక్కర్లేదు, మీ అన్నయ్య కాపీ నా బీరువాలోనే ఉంది. అందులో ఒక కవరు ఉంటుంది. రెండో పుస్తకంలో ఏం జరుగుతుందో వాడు పన్నెండేళ్ళప్పుడు ఊహించి రాసి, అంటించి పెట్టింది. పూర్తయ్యాక తెరిచి చూసుకున్నాడు, పన్నెండింట్లో రెండు నిజమయ్యాయి. దాన్ని ఇప్పుడే తెరవకు. ముందు నీ ఊహలు నువ్వు రాసి, ఇంకో కవర్లో పెట్టి తీసుకురా. పైన తేదీ వేయడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ