మోటారు నెలకు 120 యూనిట్లు కాలుస్తుందా?

ప్రశ్న: మూడు పోర్షన్ల ఇంట్లో ఒక్కడినే అద్దెకుంటున్నాను. పొద్దున వెళ్తే రాత్రికే వస్తాను. ఇంటికంతా ఒకటే కరెంటు మీటరు. ఓనర్ బిల్లును మూడు సమాన వాటాలు చేసి, పైగా నీళ్ల మోటారుకు 120 యూనిట్లంటూ విడిగా వసూలు చేస్తున్నారు. పై పోర్షన్‌లో ఐదుగురు, రెండు ఏసీలు. ఈ నెల కట్టడం మానేయనా?

జవాబు: మానేయకండి, అద్దె అసలే ఆపకండి. ఇప్పుడు తప్పు ఆయన వైపు ఉంది. డబ్బు ఆపారంటే అది మీ వైపుకి వచ్చేస్తుంది.

ఇంట్లో మీటరు ఒకటే అంటే మోటారు కూడా దాని మీదే నడుస్తోందన్నమాట. దాని యూనిట్లు బిల్లులో ముందే కలిశాయి. మళ్లీ విడిగా తీసుకుంటే ఒకే కరెంటుకు రెండుసార్లు కడుతున్నట్టే. ఆ 120 కూడా నమ్మశక్యంగా లేదు. 1 హెచ్‌పీ మోటారంటే 746 వాట్లు. నష్టాలు కలుపుకున్నా గంటకు యూనిట్, కొంచెం పైన. 120 కావాలంటే రోజూ మూడున్నర, నాలుగు గంటలు ఆడాలి. ట్యాంకు పొంగిపొర్లుతుంటే తప్ప మూడు ఇళ్లకు అంత అక్కర్లేదు. మోటారు మీద హెచ్‌పీ ఎంతో చూసి, వారం పాటు ఆన్, ఆఫ్ టైములు రాసుకోండి.

సమాన వాటాకు మందు సబ్‌మీటరు, అంటే మీ పోర్షన్ వాడకాన్ని మాత్రమే విడిగా లెక్కించే చిన్న మీటరు. దాని ఖర్చు మీరే పెట్టుకున్నా, మీ వాడకానికి కొన్ని నెలల్లో తిరిగొస్తుందని నా అంచనా. బిగించాక మీ మెయిన్ స్విచ్ ఆపి చూడండి. అప్పటికీ దాని మీద ఎర్ర లైటు మిణుకుతుంటే ఇంకెవరి లైనో మీ దాంట్లో కలిసినట్టు. ఇంకో చిక్కు స్లాబులది, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే అంచెలది. మూడిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే రేటు పై స్లాబుకు ఎగబాకుతుంది, తక్కువ వాడే మీకూ అదే రేటు. విడి కనెక్షన్ ఇప్పించమని అడగడానికి ఇదే గట్టి కారణం.

ముందు అద్దె ఒప్పందంలో కరెంటు గురించి ఏం రాశారో చదవండి. తర్వాత ఆరు నెలల బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో అడగండి. నోటిమాటగా అడిగితే రేపు రుజువుండదు. 'మీరు మోసం చేస్తున్నారు' అనొద్దు, 'లెక్క ఒకసారి కలిసి చూద్దామండీ' అంటే చాలు. ఈ నెలకు అద్దె, బిల్లులో మూడో వంతు బ్యాంకు నుంచే పంపి, మోటారు డబ్బు బిల్లులు చూశాక మాట్లాడదామని అక్కడే మెసేజ్ పెట్టండి. పై పోర్షన్ వాళ్లను ఇందులోకి లాగకండి. మధ్య పోర్షన్ వాళ్లతో మాత్రం ఒక మాట అనండి, వాళ్లూ మోటారుకు విడిగానే కడుతున్నారేమో.