బిందె మునగని నెల

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉన్న ఉద్యోగం వదిలేసి, కరెంటు కొరత ఉన్న దేశాల్లో అక్కడి నీళ్లు, అక్కడి ఎండ, అక్కడి గాలితోనే కరెంటు తీసే టీంలో చేరుతున్నావట. మొదట ఏ దేశానికి పంపుతారో ఇంకా తేలలేదట. "నువ్వైనా చెప్పన్నయ్యా, మానేయమని" అంది. నేను చెప్పను. ముప్పై నాలుగేళ్లు ఈ పనిలోనే ఉన్నవాణ్ణి, ఆ మాట నా నోట ఎలా వస్తుంది? మా చిన్నది నా దారిలో నాకంటే దూరం వెళ్తోందని ఛాతీ ఉప్పొంగింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఇక లాభం లేదని లేచి ఇది రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ప్యానెళ్లు బిగించిన రోజే వాటి మీద దుమ్ము కడిగే మనిషిని కూడా పెట్టుకో. లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే సగానికి మించి ఖాళీ కానివ్వకు. మరమ్మతు ఊళ్లో ఇద్దరికి నేర్పు, ఒక్కడికే నేర్పితే వాడు ఊరెళ్లిన రోజే ఫ్యూజు పోతుంది. మీటర్ లేకుండా ఎవరికీ కనెక్షన్ ఇవ్వకు, ఎంత పెద్దవాళ్లు అడిగినా సరే. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

అప్పటికి నాకు నీ వయసే. కొండ మీద నలభై ఇళ్ల గూడెం. లైన్ వేయాలంటే అడవి దాటాలి, ఇప్పట్లో కాదన్నారు. పక్కనే వాగు ఉంది కదా, చిన్న టర్బైన్ పెడదామని నేనే పట్టుబట్టాను. వానలు వెళ్లిన వెంటనే, అక్టోబరులో కొలతకు వెళ్లాను. చెక్క పలకకు వి ఆకారంలో గాటు కోసి వాగుకు అడ్డంగా నిలిపి, ఆ గాటులో నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో స్కేలు పెట్టి చూశాను. 28 సెంటీమీటర్లు. అంటే సెకనుకు 60 లీటర్లు. పైనుంచి కిందికి 20 మీటర్ల ఎత్తు ఉంది. సగం నష్టాల కింద పోయినా ఆరు కిలోవాట్లు ఖాయం. ఇంటికి రెండు బల్బులు, పగలు ఒక పిండిమర. లెక్క ఎంత చక్కగా కుదిరిందో, ఆ కాగితం చూసి నాకు నేనే మురిసిపోయాను.

అక్కడే ఒడ్డున ఒక ముసలావిడ బట్టలు ఉతుకుతూ నన్నే చూస్తోంది. "బాబూ, ఎండాకాలం వస్తే ఈ వాగులో బిందె మునగదు" అంది. నేను నవ్వాను చిన్నీ. 'మొత్తం ఎండిపోదు కదమ్మా' అన్నాను. మళ్లీ ఏప్రిల్‌లో వచ్చి కొలవాలని పుస్తకాల్లో ఉంది, నాకూ తెలుసు. కానీ మార్చిలోగా పని పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి. ఒత్తిడి ఉందని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అసలు తొందర నాది. దీపాలు వెలిగిన రోజు చూడాలని నాకే ఆగలేదు.

ఫిబ్రవరిలో వెలిగాయి. ఆ సాయంత్రం గూడెం మొత్తం బయటికొచ్చి నిలబడింది. ఏప్రిల్‌లో వెళ్లి అదే పలక, అదే చోట నిలిపాను. 16 సెంటీమీటర్లు. చూడటానికి సగం కంటే ఎక్కువే ఉన్నట్టుంటుంది, కానీ ఆ గాటులో నీటి మట్టం కొంచెం తగ్గినా పారే నీళ్లు చాలా తగ్గిపోతాయి. సెకనుకు 15 లీటర్లు. నాలుగో వంతు. ఆరు కిలోవాట్ల నీళ్లకు చేసిన టర్బైన్ అంత సన్నని ధారకు సరిగ్గా తిరగదు కూడా. ఒక కిలోవాటు రావడమే గగనమైంది. బల్బులు ఎర్రగా మినుకుమినుకుమన్నాయి, తర్వాత అవీ లేవు.

ఇంతటితో అయిపోయి ఉంటే ఇది పొరపాటు అనుకుని ఊరుకునేవాణ్ణి. వెలుగు రుచి చూసిన మనుషులు చీకట్లో కూర్చోలేరు. వాళ్లే డబ్బులు పోగేసి ఒక డీజిల్ జనరేటర్ అద్దెకు తెచ్చారు. ఎవరికీ చెప్పకుండా, గూడెం చివరింటి దగ్గర నేను వేసిన లైన్‌కే తగిలించారు. మన టర్బైన్ చూసుకునే కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. ఒక స్తంభం మీద జాయింటు వదులైందని, టర్బైన్ షెడ్డులో మెయిన్ ఆపి పైకెక్కాడు. నేను నేర్పినట్టే ఆపాడు. పొద్దు గుంకే వేళ అటు చివర జనరేటర్ స్టార్ట్ చేశారు. ఆ కరెంటు వెనక నుంచి వచ్చి వాడి చేతిని పట్టుకుంది.

బతికాడు. కింద పడటమే వాణ్ణి బతికించింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి కుడిచేతికి మోచేతి దాకా కట్టు. "సార్, మెయిన్ ఆపాను సార్" అన్నాడు, నేనేదో తిడతానన్నట్టు. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రెండు వేళ్లు ఈ రోజుకీ వంగవు.

మీ అమ్మ నువ్వు రాసిన ప్లాన్ కూడా పంపింది. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. అందులో 'సగటున' అనే మాట ఏడు చోట్ల ఉంది. సగటు నీళ్లు, సగటు ఎండ, సగటు వాడకం. కోపమొచ్చింది నాకు. సగటు నీళ్లతో ఏ టర్బైన్ తిరగదు తల్లీ. ఆ రోజు ఉన్న నీళ్లతో తిరుగుతుంది. ఆ ఏడు చోట్లా సగటు తీసేసి, ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ నెలలో ఎంత వస్తుందో, ఆ నెలలో అన్నిటికన్నా ఎక్కువ వాడే గంటలో ఎంత కావాలో రాయి. అప్పుడు మిగిలేది నీ ప్లాన్. చిన్నగా కనిపిస్తుంది, భయపడకు.

నా వాగు కథ చిన్నదనుకుంటావేమో. జాంబియా కరెంటులో మొన్నటిదాకా ఎనభై శాతం పైన నీళ్ల మీదే. 2024లో వానలు ముఖం చాటేస్తే కరిబా డ్యామ్ అడుగంటింది, జాతీయ విపత్తుగా ప్రకటించారు, జనం రోజులో ఎక్కువ గంటలు చీకట్లోనే గడిపారు. డ్యామ్ కట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఒక్క నీళ్ల మీదే దేశమంతా కూర్చోవడమే చిక్కు. నేపాల్‌లో నీళ్లకు కొదవ లేదంటారు, కానీ అక్కడి ప్లాంట్లు చాలావరకు నదిలో పారే నీటితో పారినంతే తిరిగేవి. చలికాలంలో మంచు కరగదు, నది సన్నబడుతుంది, దీపాలూ హీటర్లూ అప్పుడే కావాలి. ఒక దశలో రోజుకు 16 గంటల దాకా కోత పెట్టారు.

నేపాల్ సంగతి ఇంకొకటి ఉంది, ఇది నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. 2016లో కుల్‌మాన్ ఘిసింగ్ అనే ఆయన అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థకు అధిపతిగా వచ్చారు. కొన్ని నెలల్లోనే కాఠ్మాండూ ఇళ్లలో కోత ఆగింది. అప్పటికప్పుడు కొత్త ప్లాంటు పుట్టలేదు. భారత్ నుంచి కొత్త లైన్ మీద వచ్చే కరెంటు తోడైంది నిజమే. కానీ ఉన్న కరెంటు ఏ గంటలో ఎవరికి పోతోందో కూర్చుని చూడటం, కొన్ని ఫ్యాక్టరీలకు రాత్రీ పగలూ ఆగకుండా వెళ్తున్నది సాయంత్రం వేళ ఇళ్లకు మళ్లించడం కూడా జరిగాయి. నువ్వు దిగిన చోట మొదటి నెల ఏమీ కట్టకు. సబ్‌స్టేషన్‌లో లాగ్‌బుక్ అడిగి గంట గంట లోడు చూడు. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో, సన్నటి తీగల్లో ఎంత వృథా అవుతోందో లెక్కపెట్టు. కొత్త ప్యానెల్ కంటే అక్కడ ఆదా చేసిన యూనిట్ చవక.

సోలార్ మీద నీకున్న నమ్మకం నాకూ ఉంది. మంచి ఎండ ఉన్న చోట కిలోవాటు ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, చమురు కొనక్కర్లేదు, ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. పాకిస్తాన్ 2024 ఒక్క ఏడాదిలోనే 17 గిగావాట్ల దాకా ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. కరెంటు బిల్లులు మోయలేక జనమే కొనుక్కుని మేడల మీద పెట్టుకున్నారు. కానీ ఆ నాలుగు యూనిట్లూ పగటివి. మనుషులు ఇళ్లకు చేరేది చీకటి పడ్డాక. అందుకని పగలు చేయగలిగిన పని పగటికే జరుపు. పొలం మోటార్లు, పిండిమరలు, ఐసు మిషన్లు ఎండలో నడవనీ. రాత్రికి మిగిలే చిన్న లోడుకు బ్యాటరీ సరిపోతుంది. కెన్యాలో భూమి లోపలి ఆవిరి ఉంది, ఒల్కారియాలో 1981 నుంచి దానితో కరెంటు తీస్తున్నారు, ఇప్పుడు దేశం కరెంటులో దాదాపు నలభై శాతం భూగర్భ వేడిదే. వాన పడినా పడకపోయినా, రాత్రైనా పగలైనా ఆవిరి వస్తూనే ఉంటుంది. అలాంటిది ఉన్న దేశానికి పంపితే అదృష్టమే. లేకపోతే రెండు మూడు రకాలు కలుపు, ఒకటి చెడ్డ నెలలో ఉన్నప్పుడు ఇంకొకటి మంచి నెలలో ఉండేట్టు చూసుకో.

బంగ్లాదేశ్‌లో 2003 నుంచి నలభై లక్షల పైన ఇళ్లకు వాయిదాల మీద చిన్న సోలార్ సెట్లు ఇచ్చారు. గొప్ప పని. తర్వాత ఊళ్లకు లైన్ రావడంతో చాలా సెట్లు మూలపడ్డాయి. లైన్ ఎప్పుడొస్తుందో ముందే అడిగి, వచ్చిన రోజు నీ ప్యానెళ్లు ఆ లైన్‌కే కరెంటు పంపేలా కట్టు.

పంపేలా కట్టమన్నాను కదా, రాస్తుంటేనే నా చెయ్యి వణికింది. లైన్ ఆగిపోయినా దానిలోకి కరెంటు పంపడం ఆపని ఇన్వర్టర్‌ను ఎక్కడా పెట్టనివ్వకు. జనరేటర్ ఉన్న ప్రతి ఇంటికీ చేంజోవర్ స్విచ్, అంటే ఇల్లు లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే తగిలేలా చేసే స్విచ్, ఉండాల్సిందే, అది లేదంటే ఆ ఇంటి కనెక్షన్ తీసేయి, తిట్టనీ. స్తంభం ఎక్కేవాడు స్విచ్ ఆపింది తనే అయినా టెస్టర్ పెట్టి చూడాలి, రెండు వైపులా ఎర్త్ కట్టాలి. ఆ రెండో వైపు ఎర్త్ సంగతి నేను ఆ కుర్రాడికి నేర్పలేదు. అవసరం రాదనుకున్నాను, ఆ లైన్‌లోకి కరెంటు వచ్చే దారి ఒక్కటే కదా అని.

నీకు ఆరేళ్లప్పుడు మా ఇంట్లో ఫ్యూజు పోతే, నేను తీగ మారుస్తుంటే టార్చి పట్టుకునేదానివి. చెయ్యి నొప్పి పుట్టినా దించేదానివి కాదు. "మామయ్యా, మెయిన్ ఆపావా?" అని మూడుసార్లు అడిగేదానివి. విసుక్కునేవాణ్ణి అప్పుడు. అక్కడ కూడా అందరినీ అలాగే మూడుసార్లు అడుగు, విసుక్కున్నా అడుగు.

అమ్మతో నేను మాట్లాడతాను. ఆదివారం ఆదివారం దానికి ఫోన్ చెయ్యి, రెండు నిమిషాలైనా.

ఈ ఉత్తరంతో పాటు ఒక జత రబ్బరు చేతి తొడుగులు పంపుతున్నాను. నావి పాతబడి పగుళ్లిచ్చాయి, ఇవి కొత్తవి. వేసుకునే ముందు ప్రతిసారీ మణికట్టు దగ్గర నుంచి చుట్టుకుంటూ వచ్చి లోపలి గాలిని వేళ్లలోకి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విను. సుయ్‌మని ఏ కాస్త చప్పుడు వినిపించినా అవతల పారేయి. వేరే జత పంపిస్తాను.

మీ మామయ్య