కుళాయి దగ్గర బొమ్మ

పాలకొల్లు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేశావట. ఏడాదిపాటు నా దగ్గర ఉండి, మన పల్లెటూళ్ళ మీద నవ్వొచ్చే బొమ్మలు ముప్పై వేసి, హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెడతావట. చెబుతూ ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు వసారాలో కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు పత్రికలకు బొమ్మలు వేశాను. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు కుంచె పడతారని ఏనాడూ అనుకోలేదు. మొదట సంతోషంతో నిద్ర పట్టలేదు, తర్వాత భయంతో పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు తిట్టనీ. ఒక్క మాట నాతో చెప్పకుండా రాజీనామా ఇస్తావా? బ్యాంకులో ఏడాదికి సరిపడా డబ్బు ఉందో లేదో చూసుకున్నావా? ఆరోగ్య బీమా ఆఫీసుతోనే పోతుంది కదా, వేరేది తీసుకున్నావా? తీసుకోకపోతే ఈ వారంలోనే తీసుకో.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. కాగితం మంచిది కొను, రంగుల్లో పొదుపు చేయకు, ఎండ తగిలే గోడకు ఏ బొమ్మా తగిలించకు. ప్రతి బొమ్మ మీదా సంతకం, తేదీ ఉండాలి. అసలు బొమ్మ చెయ్యి దాటే ముందు స్కాన్ తీయించు. నా రోజుల్లో నేను ఇండియన్ ఇంకుతో అట్ట మీద గీసి ఇస్తే, పత్రికవాళ్ళు దాన్ని జింకు రేకు మీదకు ఎక్కించి, ఆ బ్లాకుతో అచ్చు వేసేవాళ్ళు. అట్ట తిరిగి ఇవ్వమని అడగడానికి నాకు మొహమాటం. అలా రెండు వందల దాకా పోయాయి. ఎవరైనా డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే హక్కులు ఎవరివో కాగితం మీద రాయించుకో. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద మొదటి హక్కు వేయించుకున్నవాళ్ళదే అంటుంది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఈ సంగతి నాకు తెలిసేసరికి యాభై ఏళ్ళు వచ్చాయి.

ఇక మీ అమ్మ భయం. బొమ్మలు కూడు పెట్టవని. దానికి బాపు గారి సంగతి చెప్పు. పుట్టింది మన పక్కనే, నరసాపురంలో, 1933లో. మద్రాసులో లా చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. కోర్టుకు వెళ్ళకుండా ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేయడానికి వెళ్ళారు. ఆ తర్వాత కార్టూన్లు, కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు, అడ్వర్టైజ్‌మెంట్లు, సినిమాలు. 2013లో పద్మశ్రీ వచ్చింది, 2014 ఆగస్టులో పోయారు. ఒక్క చోటి నుంచే డబ్బు రావాలని ఆయన కూర్చోలేదు, అది గమనించు. ఎగ్జిబిషన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. శుభలేఖలు వెయ్యి, క్యాలెండర్లు వెయ్యి, పిల్లల పుస్తకాలకు వెయ్యి. అవేవీ చిన్న పనులు కావు.

చిన్నప్పుడు పలక మీద బాపు గీత కాపీ కొట్టేదాన్ని. మా నాన్న, అంటే మీ తాతయ్య, పలక తుడిచి ఎక్కాలు రాయమనేవారు. తుడిచేముందు మాత్రం ఒకసారి తేరిపార చూసేవారు. అన్ని తక్కువ గీతల్లో మనిషి ఎలా పడతాడా అని నేను ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి నాకు అర్థమైంది ఇది. మెడ తిప్పడంలోనే సగం మనిషి ఉంటాడు. ఇంకో సంగతి, బురదలో జారిపడ్డవాడి దగ్గర నవ్వు కొంచెమే ఉంటుంది. వాణ్ణి చూసి గబుక్కున తన పంచె పైకెత్తుకునేవాడి దగ్గర ఎక్కువ ఉంటుంది. పక్కవాళ్ళ మొహాలు ముందు వెయ్యి.

గోవాలో మారియో మిరాండా అని ఒక కార్టూనిస్టు ఉండేవారు, నీకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు గోడల నిండా గీస్తుంటే వాళ్ళమ్మ తిట్టకుండా ఖాళీ పుస్తకం చేతికిచ్చిందట. ఆ పుస్తకాలే బొమ్మల డైరీలయ్యాయి. ఊళ్ళో పాదిరీలు, చేపలమ్మే ఆడవాళ్ళు, పెళ్ళిళ్ళు, వీధి కుక్కలు, అన్నీ అందులోకి ఎక్కాయి. ఆర్టు కాలేజీ చదువు లేదాయనకు. లండన్ దాకా వెళ్ళారు, బొంబాయిలో ఎన్నో ఏళ్ళు పనిచేశారు, చివరికి 2011లో లౌటోలిం అనే తన ఊళ్ళో, తన ఇంట్లోనే పోయారు. నువ్వు కూడా రోజుకో పేజీ గియ్యి. ఫోన్‌తో ఫోటో తీసుకుని గదిలో కూర్చుని వేస్తే కుదరదు. ఫోటోలో మనిషి ఆగిపోయి ఉంటాడు, వాడు ఆ ముందు క్షణం ఏం చేశాడో కనిపించదు.

నాకు ఇంకో దిగులుంది. నువ్వు మీ అమ్మ చెప్పిన పల్లెటూరు వేస్తావేమోనని. ఎడ్లబండి, గిలకబావి, రచ్చబండ. కాడికి ఏ పక్క కట్టేది ఎలపట ఎద్దో, ఏ పక్క కట్టేది దాపట ఎద్దో తెలియకుండా ఎడ్లను గీయకు, రైతు ఒక్క చూపులో పట్టేస్తాడు. అసలు ఇప్పుడు మన చుట్టుపక్కల ఎడ్లెక్కడున్నాయి? వరి చేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. రాత్రిపూట కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య చచ్చిపోతుంది. మొన్న మాఘమాసంలో పక్కవీధి పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళకు కరెంటు పోయింది. పెళ్ళికూతురి తండ్రి పట్టుపంచెతో చెరువు గట్టుకు పరిగెత్తాడు, వెనకాల వియ్యంకుడు టార్చిలైటు పట్టుకుని పరిగెత్తాడు. పురోహితుడు మంత్రం ఆపి, "జనరేటర్లో డీజిలుందా బాబూ" అని కేకేశాడు. అదీ ఇవాళ్టి మన ఊరు. డ్వాక్రా మీటింగు వెయ్యి, సిగ్నల్ కోసం మేడ మెట్లమీద నిలబడే తాతను వెయ్యి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మధ్యలో దూరి ఆ ఊరి కబుర్లమీదే హాస్యమాడేవాళ్ళు. పాతకథ నడుస్తున్నా నవ్వు మాత్రం ఆ పూటదే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1978. నాకు ఇరవయ్యారేళ్ళు. మన వీధి చివర మున్సిపాలిటీ కుళాయి ఉండేది, పొద్దున గంటసేపు నీళ్ళు వచ్చేవి. అక్కడ రోజూ ఒకావిడ అరిచేది. పేరు రాయను, పిన్ని అనే పిలిచేదాన్ని. ఆవిడ గొంతు వీధి మొదట్లోకి వినిపించేది. చీర చెంగు బొడ్లో దోపి, ఒక చేత్తో బిందె ఊపుతూ, తల పక్కకు విసిరి అరుస్తుంటే నాకు కిటికీలోంచి పెద్ద బొమ్మలా కనిపించేది. వేశాను. ముక్కుపుడక, ముడి, చెవుల దిద్దులు, ఏదీ వదల్లేదు. నోరు మాత్రం కుళాయి కంటే పెద్దదిగా, అందులోంచే నీళ్ళు పడుతున్నట్టు వేశాను. ఒక వారపత్రిక సంక్రాంతి సంచికలో ఒక పేజీ నిండా వచ్చింది. నాకు 15 రూపాయలు వచ్చాయి. పత్రికకు ఉత్తరాలు కూడా వచ్చాయి, అంతకుముందు నా ఏ బొమ్మకూ అన్ని రాలేదు.

ఆవిడకు చదువు రాదు. టీ కొట్టు స్తంభానికి ఎవరో ఆ పేజీ అంటించారు. కుర్రాళ్ళు ఆవిడ వెళ్తుంటే "కుళాయి వస్తోంది" అనేవాళ్ళు. మూడోనాడు మన గుమ్మం దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా అడిగింది. "ఏమ్మా, నేను అరిస్తే అలా ఉంటానా?"

నేనేమన్నానో తెలుసా? "సరదాకి వేశాను పిన్నీ" అన్నాను.

ఆ మర్నాటి నుంచి ఆవిడ అరవడం మానేసింది. మొదట నాకు వీధి ప్రశాంతంగా ఉందనిపించింది. తర్వాత కిటికీలోంచి చూస్తే తెలిసింది. ఆవిడ వరసలో నిలబడేది, వెనకాల వచ్చినవాళ్ళు ముందుకు దూరేవాళ్ళు, ఆవిడ ఏమీ అనేది కాదు. ఏడింటికల్లా మూడిళ్ళలో పనికి వెళ్ళాలి. ఇంట్లో మంచం మీద అత్తగారు, ఇద్దరు పిల్లలు. అరిస్తేనే ఆవిడకు నీళ్ళు దొరికేవి. మగ దిక్కు లేని మనిషికి ఆ వరసలో ఉన్నది ఆ గొంతొక్కటే. దాన్ని నేను నలుగురి నవ్వు కోసం లాక్కున్నాను. ఒకరోజు ఆవిడ వంతు వచ్చేసరికి కుళాయి ఆగిపోయింది. రెండు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని మన కిటికీ ముందునుంచే వెళ్ళింది. తల ఎత్తలేదు.

నెల రోజులు పట్టింది నాకు ఆవిడ ఇంటికి వెళ్ళడానికి. క్షమించమన్నాను. "పోనీలేమ్మా" అంది. తిట్టి ఉంటే బావుండేది చిన్నీ. ఆ "పోనీలే" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ తర్వాత నేనే బిందె పట్టుకుని కుళాయికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ వెనక నిలబడి, ముందుకు దూరేవాళ్ళ మీద నేను అరిచాను. అలా మూడు నెలలు నిలబడ్డాక మళ్ళీ అదే కుళాయిని వేశాను. ఈసారి బొట్టు బొట్టుగా కారే కుళాయి ముందు వీధి వీధంతా బిందెలతో నిలబడి ఉంటుంది, మున్సిపాలిటీ మనిషి దానికి దండ వేస్తుంటాడు. ఎవరూ ఒక్క ఉత్తరం రాయలేదు. మొదటి బొమ్మే బావుందని ఎడిటర్ గారు అన్నారు. నీక్కూడా ఇదే జరుగుతుంది. మనిషిని చిన్నబుచ్చే బొమ్మకు ముందుగా చప్పట్లు పడతాయి, ఎక్కువగా పడతాయి. ఇప్పుడు టీ కొట్టు స్తంభం లేదు, ప్రతివాడి చేతిలో ఫోనుంది. ఒక్కసారి పెడితే నువ్వు చింపాలన్నా చింపలేవు. నాకు రాత్రి నిద్ర పట్టనిది ఇందుకే, నీ జీతం పోయినందుకు కాదు.

అందుకని ఒక షరతు. ఏడాదిలో మొదటి రెండు నెలలు నువ్వు ఎవరి బొమ్మా బయటపెట్టకూడదు. వాటర్ ప్లాంటుకు టిన్ను పట్టుకుని నువ్వే వెళ్ళు. రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళ పక్కన కూర్చో. ఒక మనిషి వింతగా ఏదైనా చేస్తుంటే, అది ఎందుకు చేస్తున్నాడో తెలిసేదాకా గీయకు. గీశాక ముందు వాళ్ళకే చూపించు. వాళ్ళు నవ్వి, పక్కింటివాళ్ళను కేకేసి పిలిస్తే ఆ బొమ్మ ఎగ్జిబిషన్‌కు పెట్టు. ఊరుకుండిపోతే లోపల పెట్టెయ్యి. ముప్పై కాస్తా పన్నెండైనా నేనేమీ అనుకోను.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. పోయిన దసరాకి నువ్వు నా మొహం గీసి పంపావు చూడు, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా కళ్ళజోడు కోసం వెతుకుతున్నట్టు. అది ఫ్రేము కట్టించి మంచం ఎదురుగా పెట్టుకున్నాను. అందులో నా చెయ్యి దేవుడి అలమర మీద ఆనుకుని ఉన్న తీరు చూసి, ఈ పిల్లకు చూపు ఉంది అనుకున్నాను. మీ పెదనాన్న పోయాక నేను అలాగే ఆనుకుంటున్నాను, అది నీకు ఎవరూ చెప్పలేదు.

మేడ మీద ఉత్తరం వైపు గది ఖాళీ చేయించాను. రోజంతా వెలుగు మారకుండా ఉంటుంది. చెద పట్టకుండా బల్ల కాళ్ళకు మందు కొట్టించాను. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ఇక్కడ దిగుతావు, ఆటో మాట్లాడి ఉంచుతాను. ఆ సంక్రాంతి బొమ్మ అట్ట మాత్రం అడిగి తెచ్చుకున్నాను, ట్రంకుపెట్టె అడుగున ఉంది. మళ్ళీ ఎవరికీ అచ్చుకు ఇవ్వలేదు. నువ్వొచ్చిన రోజు తీసి చూపిస్తాను. ఫోటో తీయకు.

నీ
పెద్దమ్మ