చిన్న ఊళ్ళ మీదుగా వారం రోజుల రైలు ప్రయాణం: శ్రావణికి మామయ్య ఉత్తరం

చి. సౌ. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. అక్కా బావగారూ జూలైలో వస్తున్నారనీ, లండన్, ఎడిన్‌బరో చూపించి పంపేయకుండా ఒక వారం చిన్న ఊళ్ళలో రైల్లో తిప్పాలనుకుంటున్నావనీ రాశావు. చాలా మంచి ఆలోచన. కాకపోతే నువ్వు పంపిన జాబితాలో ఏడు రోజులకి తొమ్మిది ఊళ్ళున్నాయి. నాలుగు ఉంచి మిగతావి కొట్టెయ్. పొద్దున్నే పెట్టెలు సర్దుకుని స్టేషనుకి పరుగెత్తడమే రోజంతా పని అయితే, అక్క మోకాళ్ళు మూడో రోజుకే మొరాయిస్తాయి. వీలైనంత వరకు ఊరికి రెండు రాత్రులు ఉండండి. ఒక్క ప్రయాణం గంటన్నర, రెండు గంటలు మించకూడదు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రం పెద్ద ప్రయాణం తప్పదు.

నేనైతే ఉత్తర ఇంగ్లండులో ఈ చుట్టు ఎంచుకుంటాను: లండన్ కింగ్స్ క్రాస్ నుంచి లీడ్స్ మీదుగా స్కిప్టన్, అక్కణ్ణించి యాపిల్‌బీ, కార్లైల్‌లో మారి హెక్సమ్, న్యూకాజిల్‌లో మారి బెరిక్, బెరిక్ నుంచి తిన్నగా లండన్. వెళ్ళిన దారిలో తిరిగి రావక్కర్లేదు. ఊళ్ళన్నీ నడిచి చూసేంత చిన్నవి.

ముందు ఏ రోజు ఏ ఊళ్ళోనో కుదుర్చుకో. ఈ ఊళ్ళలో సంత ఉన్న రోజుకీ లేని రోజుకీ చాలా తేడా. స్కిప్టన్‌లో సోమ, బుధ, శుక్ర, శనివారాలు సంత. దగ్గర్లోని సెటిల్‌లో మంగళవారం. అందుకని సోమవారం బయల్దేరండి. సోమ, మంగళ రాత్రులు స్కిప్టన్, బుధవారం రాత్రి యాపిల్‌బీ, గురు, శుక్ర హెక్సమ్, శని, ఆది బెరిక్, మళ్ళీ సోమవారం లండన్. ఆదివారం రైలెక్కే పనే పెట్టుకోలేదు చూడు. ఇక్కడ పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆదివారాలే చేస్తారు. రైళ్ళు తగ్గిపోతాయి, కొన్నిచోట్ల రైలు బదులు బస్సు ఎక్కిస్తారు. పెద్దవాళ్ళతో, సామానుతో ఆ బస్సు బాధ మనకొద్దు. జూలై ఆఖరి వారమైతే మీ అమ్మాయి ఆద్యకి బడి సెలవులు, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. ఎప్పుడైనా జూన్ మొదట్లో వెళ్ళాల్సి వస్తే యాపిల్‌బీ గుర్రాల సంత తేదీలు చూసుకో. ఆ వారం అక్కడ గది దొరకదు.

ఇక టికెట్ల సంగతి. మీరు ఐదుగురు, అందులో ఆద్యకి ఆరేళ్ళు. అక్కకీ బావగారికీ చెరో సీనియర్ రైల్‌కార్డు (టికెట్ ధర తగ్గించే కార్డు), మీ ఇద్దరికీ టూ టుగెదర్ కార్డు అని మూడు కార్డుల లెక్క రాశావు. అంత అవసరం లేదు. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు ఒక్కటి 35 పౌన్లకి తీసుకో. నలుగురు పెద్దవాళ్ళ దాకా మూడో వంతు తగ్గుతుంది, ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి అరవై శాతం తగ్గుతుంది. షరతు ఒక్కటే: కార్డు మీద పేరున్న మీ ఇద్దరిలో ఒకరు, టికెట్ కొన్న పిల్ల ఒకరు ప్రతి ప్రయాణంలోనూ ఉండాలి. ఆద్యని మీ ఆయన దగ్గర వదిలి నువ్వూ అక్కా బావగారూ ముగ్గురే రైలెక్కితే ఆ కార్డు పనికిరాదు, అప్పుడు పూర్తి ధర టికెట్టే కొనాలి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

లండన్ నుంచి లీడ్స్, బెరిక్ నుంచి లండన్, ఈ రెండు పెద్ద ముక్కలకీ అడ్వాన్స్ టికెట్లు కొను. సుమారు పన్నెండు వారాల ముందు నుంచి కనిపెట్టుకుని ఉండు, తొందరగా కొన్నకొద్దీ చవక. కానీ అడ్వాన్స్ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. దారిలో దిగి ఊరు చూసి తర్వాతి రైలెక్కుదామంటే కుదరదు. చిన్న ముక్కలకి ఆఫ్-పీక్ టికెట్, అంటే రద్దీ లేని వేళల టికెట్ చాలు. దాని ధర ముందు కొన్నా అదే రోజు కొన్నా ఒకటే, సాధారణంగా దారిలో దిగనిస్తారు కూడా. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే చోట్ల డే రిటర్న్ ధర కూడా చూడు. చాలాసార్లు ఒకవైపు టికెట్ కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది.

టికెట్ లేకుండా రైలెక్కి లోపల కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. లండన్‌లోలాగా బ్యాంకు కార్డు తాకించి ఎక్కడం ఈ లైన్లలో లేదు. పట్టుబడితే జరిమానా 100 పౌన్లు, ఆ పైన టికెట్ ధర. ఇరవై ఒక్క రోజుల్లోపు కడితే జరిమానా సగమవుతుంది, కానీ ఆ తలనొప్పి ఎందుకు? ఫోన్లో టికెట్లు ఉంచుకున్నా సరే, ఛార్జరూ పవర్ బ్యాంకూ మర్చిపోకు. రైల్‌కార్డు కూడా అదే ఫోన్లో ఉంటుంది కదా, ఛార్జింగ్ అయిపోతే రెండూ చూపించలేవు.

సోమవారం పదిన్నర, పదకొండుకల్లా కింగ్స్ క్రాస్‌లో ఎక్కండి. లీడ్స్‌కి రెండుంబావు గంటలు. టేబుల్ చుట్టూ నాలుగు సీట్లు, నడవకి అవతల ఇంకొకటి రిజర్వు చెయ్. బయల్దేరే సమయం కంటే ముందే తలుపులు మూసేస్తారు, ప్లాట్‌ఫాం నంబరు ఆఖరు నిమిషాల్లో గాని వెయ్యరు. బోర్డు కింద పెద్దవాళ్ళని కూర్చోబెట్టి నువ్వు నిలబడి చూడు. లీడ్స్‌లో మారడానికి కనీసం అరగంట ఉంచు. సాయంత్రం నాలుగు, ఆరున్నర మధ్య మాత్రం అక్కడ మారే పని పెట్టుకోకు. ఆఫీసులు వదిలే వేళ, స్కిప్టన్ రైల్లో నిలబడాల్సి వస్తుంది.

స్కిప్టన్ కోటని తీరిగ్గా చూడండి. ఈ ప్రయాణానికంతటికీ ఒక కథ అక్కడే మొదలవుతుంది. 1590లో ఆ కోటలో లేడీ ఆన్ క్లిఫర్డ్ పుట్టింది. 1605లో తండ్రి పోతూ ఆస్తి కూతురికి కాకుండా తన తమ్ముడికి రాశాడు. ఆవిడ రాజు చెప్పినా వినలేదు, దశాబ్దాలు పోరాడి 1643లో ఆస్తి దక్కించుకుంది. అంతర్యుద్ధంలో మూడేళ్ళ ముట్టడి తర్వాత దెబ్బతిన్న ఈ కోటని తిరిగి కట్టించింది. లోపలి వాకిట్లో ఉన్న యూ చెట్టు ఆవిడ 1659లో నాటించిందే. దాని కింద బల్ల మీద కాసేపు కూర్చోండి. గురువారం యాపిల్‌బీ వదిలే ముందు సెయింట్ లారెన్స్ చర్చికి వెళితే, అక్కడ తల్లి సమాధి దగ్గర్లోనే ఆవిడ సమాధి ఉంటుంది. పక్క వీధిలో ఆవిడ 1651లో పేద ముసలమ్మల కోసం స్థాపించిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు, అందుకని వాకిట్లో గట్టిగా మాట్లాడకండి. అక్కకి ఈ కథ ముందే చెప్పి ఉంచు. రెండు ఊళ్ళూ అక్కకి బాగా మనసుకి పడతాయి.

మంగళవారం సామాను గదిలోనే వదిలి, పొద్దున సెటిల్ సంత, మధ్యాహ్నం రిబుల్‌హెడ్ రైలు వంతెన. స్కిప్టన్ నుంచి రిబుల్‌హెడ్‌కి ఒకే డే రిటర్న్ తీసుకుని సెటిల్‌లో దిగొచ్చు. సెటిల్ నుంచి కార్లైల్ వెళ్ళే ఆ లైనులో ప్రయాణికుల రైళ్ళు 1876లో మొదలయ్యాయి. 1980లలో మూసేద్దామనుకుంటే జనం పోరాడి 1989లో నిలబెట్టుకున్నారు. రిబుల్‌హెడ్ వంతెనకి 24 కమానులు. రైల్లో దాని మీదుగా పోతే వంతెన సరిగా కనబడదు. అందుకే స్టేషన్లో దిగి పది, పదిహేను నిమిషాలు నడిచి కమానుల కిందికి వెళ్ళాలి. కింద నిలబడి పైకి చూస్తే రాళ్ళ మధ్య నుంచి మొలిచిన గడ్డి కూడా కనిపిస్తుంది. అయితే రైలు రెండు గంటలకొకటి. దిగగానే తిరుగు రైలు సమయం ఫొటో తీసి పెట్టుకో. అక్కడ గాలి విపరీతం, గొడుగు తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్టే దారి. డెంట్ స్టేషన్లో మాత్రం దిగొద్దు. ఊరు అక్కడే ఉంటుందనుకుని దిగేవాళ్ళున్నారు. అసలు ఊరు నాలుగు మైళ్ళ దూరంలో, బాగా కింద ఉంది.

బుధవారం యాపిల్‌బీ వెళ్ళే రైల్లో సీటు రిజర్వేషన్ ఉండదు, వచ్చేవి చిన్న రైళ్ళు. పావుగంట ముందు ప్లాట్‌ఫాం మీద ఉండి ఎడమవైపు కూర్చోండి. గార్స్‌డేల్ స్టేషను దాటాక కుడివైపు లోయ బాగుంటుంది. యాపిల్‌బీ స్టేషను ఎత్తు మీద ఉంది, దిగడం తేలికే. మర్నాడు ఎక్కడానికి మాత్రం ముందు రోజే ట్యాక్సీ చెప్పి ఉంచు. అక్కడ వీధిలో చెయ్యెత్తితే ఆగే ట్యాక్సీలు ఉండవు. పాత స్టేషన్లలో అవతలి ప్లాట్‌ఫాంకి మెట్ల వంతెన ఉంటుంది, కాబట్టి స్టేషన్లో మనిషి వచ్చి సాయం చేసే పాసింజర్ అసిస్ట్ బుక్ చెయ్. డబ్బేమీ తీసుకోరు, ప్రయాణానికి రెండు గంటల ముందు చెప్పినా చాలు. అక్క మొహమాటపడుతుంది, అయినా నువ్వు చేసెయ్. పెట్టెలు మనిషికొకటి, విమానంలో పైన పెట్టే సైజు. అంతకన్నా పెద్దవైతే మోయడానికి కూలీలుండరు, చిన్న స్టేషన్లలో దాచుకునే చోటూ ఉండదు.

హెక్సమ్‌లో అబ్బే (పాత మఠం చర్చి) చూడండి. 674 ప్రాంతంలో విల్ఫ్రిడ్ కట్టించిన తొలి చర్చి నేలమాళిగ ఇప్పటికీ ఉంది, దానికి రోమన్ల కట్టడాల రాళ్ళు వాడారు. మెట్లు నిటారుగా ఉంటాయి, అక్క పైనే కూర్చుంటే మేలు. శుక్రవారం ఏ.డి.122 నంబరు బస్సెక్కితే రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరికి తీసుకెళ్తుంది. గోడ మొదలైన సంవత్సరమే బస్సు నంబరు. హౌస్‌స్టెడ్స్ కోటకి బస్సు దిగాక ఎగువకి నడవాలి. మోకాళ్ళు సహకరించకపోతే అక్క, నువ్వు రైల్లో వైలమ్ వెళ్ళండి. ఆద్యని తీసుకెళ్ళు, కార్డు కోసం. రైలింజన్ల జార్జ్ స్టీఫెన్సన్ 1781లో పుట్టిన ఇల్లు ఊరి చివర నది పక్కన ఉంది. నాలుగు కుటుంబాలున్న ఆ ఇంట్లో వాళ్ళది ఒక్క గది. బయటి నుంచి చూసినా చాలు, దారి చదునుగా ఉంటుంది.

శనివారం న్యూకాజిల్‌ని మధ్యాహ్నం లోపే దాటెయ్యండి. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజైతే స్టేషన్లో ఇసక వేస్తే రాలదు. బెరిక్ రైల్లో కుడివైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. ఊళ్ళోకి చేరేముందు ట్వీడ్ నది మీద 28 కమానుల వంతెన దాటుతారు. అది జార్జ్ కొడుకు రాబర్ట్ స్టీఫెన్సన్ కట్టింది, 1850లో విక్టోరియా రాణి ప్రారంభించింది. ఆదివారం ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడల మీద నడవండి, సుమారు రెండు కిలోమీటర్లు, టికెట్ లేదు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: ఆ గోడల అంచులకి చాలాచోట్ల కంచె లేదు, అవతల నిలువు లోతు. గడ్డి చూసి పిల్లలు పరుగెత్తుతారు. ఆద్య చెయ్యి వదలకు, చీకటి పడ్డాక వెళ్ళకు.

తిండి గురించి. బావగారు శాకాహారి కదా, యార్క్‌షైర్ ప్రాంతంలో చాలా చిప్స్ దుకాణాల్లో ఆవు కొవ్వులోనే వేయిస్తారు. బంగాళాదుంపలే కదా అని కొనొద్దు. ఏ నూనెలో వేయించారో ఒక్కొక్క దుకాణంలోనూ అడుగు. సూపులోనూ, గ్రేవీలోనూ మాంసం రసం ఉండొచ్చు. చిన్న ఊళ్ళలో పబ్బుల వంటగది మధ్యాహ్నం రెండున్నరకల్లా, రాత్రి ఎనిమిదిన్నరకల్లా మూసేస్తారు. కాఫీ దుకాణాలు నాలుగింటికే సర్దేస్తారు. మనం రాత్రి తొమ్మిదింటికి తినే అలవాటుతో వెళితే పస్తే. గదుల్లో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉంటుంది, కాబట్టి వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల పొట్లాలు, కారప్పొడి సీసా, స్టీలు గిన్నెలు రెండు పెట్టుకో. గదిలో పోపు మాత్రం వెయ్యొద్దు, పొగ అలారం మోగి ఇల్లంతా బయటికి రావాలి.

గదులు ఇప్పుడే చూడు, టికెట్ల కన్నా ముందు. జూలైలో మంచివి తొందరగా పోతాయి. కింది అంతస్తు గదే కావాలని, రాయకుండా ఫోన్ చేసి అడుగు. పాత ఇళ్ళకి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు. మధ్యాహ్నం మూడు, నాలుగు దాకా గది ఇవ్వరు, కానీ పెట్టెలు ముందే దాచిపెడతారు, అడిగితే చాలు.

రైలు ఆలస్యమైతే గొడవ పెట్టుకోకుండా సమయం రాసుకో. అరగంట దాటితే ఆ వైపు టికెట్లో సగం, గంట దాటితే మొత్తం వెనక్కి వస్తుంది. ఇరవై ఎనిమిది రోజుల్లోపు డిలే రిపే కింద ఆ రైలు కంపెనీకే అడగాలి. టికెట్లు పారెయ్యకు.

తేదీలు ఖాయం కాగానే రాయి. గదుల పేర్లు పంపితే స్టేషను నుంచి నడక ఎంతో, దారిలో ఎత్తు ఉందో లేదో చూసి చెప్తాను. అక్క మోకాళ్ళ మాత్రలు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే పెట్టమను.

ఆశీస్సులతో,
మామయ్య